నీరు దింపిన కాలువ

వసంతము ముగియకమునుపే గ్రీష్మము ప్రవేశించినట్లున్న వైశాఖమాసమున ప్రచండమార్తాండకిరణసంతప్తమై కోనసీమయంతయు కుమ్మరియావమువలె కమరుచుండ, గట్టుపొడవునను వరుసదీరిన నారికేళవృక్షములు పత్రాగ్రమైన గదల్పక యూపిరి బిగబట్టినట్లు నిలిచియుండ, కోసిన వరిమళ్ళు నెఱ్ఱెలు విచ్చి నోళ్ళు దెఱచియుండ, ఎల్లకాలమును గౌతమీజలపూర్ణమై పడవలను మోయుచు పొలములను దడుపుచు మల్లెలంక పట్టణము నడుమ గంభీరగమనమున బాఱెడి పెద్దకాలువ యా యేట నడుగంట నెండిపోయెను.

ప్రతి వేసవియందును మరమ్మతులకై యానకట్టకడ తలుపులు మూయుట వాడుకయే యైనను మోకాలిలోతు నీరైన నడుగున మిగిలియుండెడిది. ఆ యేడు కాలువను లోతు చేయింపనెంచి యధికారులు చుక్కయైన నిలువనీయక దింపివేసిరి. దింపినంతనే యింతకాలము నీలిచీర మాటున డాగినదంతయు నగ్నమై కన్పట్టెను. కుళ్ళిన విస్తళ్ళును ఉబ్బి పగిలిన దూడకళేబరములును ప్రాతపరుపుల చివికిన దూదియు పేరు చెప్పరాని మఱికొన్ని వస్తువులును నల్లని జిగటబురదలో సగము మునిగి యెండకు బుడగలెత్తుచుండ, వానిపై నీలమక్షికములు మేఘములవలె లేచి వ్రాలుచుండ, ఆ దుర్గంధము గట్టుమీది ప్రతిగృహమునందును పిలువని చుట్టమై పీట వేసికొని కూర్చుండెను.

ఆ కాలువగట్టు వీధి తూర్పుకొనయందు సోమిదేవమ్మ యను వృద్ధవితంతువు నివసించుచుండెను. తద్దినములకు మడివంట చేసి జీవనము గడపుకొనెడిది. మడియన్న నామెదే యని వీధివారు చెప్పుకొనుట కలదు. తడిబట్టతో వచ్చునపుడు త్రోవన బోవు రజకస్త్రీని కేకవైచి తొలగించుటయు పిల్లవాండ్రు దాకిన బిందెను చింతపండుతో మరల మరల తోముటయు నామెకు నిత్యకృత్యములు. ఆ ప్రాంతపు నూతులు ఉప్పునీటివగుటచే ప్రత్యూషమున రేవునకు దిగి కాలువనీటనే స్నానమాడి యా నీటినే బిందెతో దెచ్చి దేవుని కభిషేకించి వంట చేసికొనెడిది. అది కాలువ కాదు, సాక్షాత్తు గోదావరి యని యామె విశ్వాసము. గడచిన శ్రావణమున తోడికోడలు పార్వతమ్మ వాంతిభేదులతో మంచము పట్టి దాహము దాహమని యలమటించినపుడు ప్రక్కన గూర్చుండి యా నీటినే చెంచాతో నోట బోసి బ్రతికించుకొనజూచెను. బ్రతుకలేదు. ఆ వ్యాధి రజకులరేవు మైలవలన బుట్టినదని వీధిపెద్దలు నిశ్చయింపగా సోమిదేవమ్మయు నట్లే నమ్మెను.

ఒకనాటి యుదయమున రేవుకడ చెలమ ద్రవ్వికొని చెంబెడు నీరైన దెచ్చుకొందమని యామె కడపటిమెట్టుదాక దిగెను. ఎన్నడును నీటినుండి బయటపడని యా మెట్టుపై నిలిచి గట్టువంక దిరిగి చూచెను. వీధిలోని మేడల పెరటిగోడల క్రింద నీటిమట్టమున కడుగున నమర్చిన మట్టిగొట్టములు వరుసగా నోళ్ళు దెఱచియుండెను. వానిలో నన్నిటికంటె పెద్దది తాను నిత్యము మునుగు మెట్టునకు బారెడుదూరమున నెగువవైపున నుండెను. అది ప్లీడరు నరహరిరావు పంతులుగారి మరుగుదొడ్డిది. ఆమె చూచుచుండగనే లోపల నెవరో కుండెడు నీరు గ్రుమ్మరించిన చప్పుడై యా గొట్టమునుండి పచ్చని ద్రవము పెంటతో గూడ జాఱి మెట్లమొదట మడుగు గట్టెను.

సోమిదేవమ్మ మెట్లమీదనే చతికిలబడి పరగడుపున నున్న పసరునంతయు వెడలగ్రక్కెను. శరీరము లోపలినుండి యంటుపడినట్లు తోచి కడుగుకొందమనిన కడుగుకొనుటకు నీరు లేదు. ఉన్నను ఏ నీట గడుగుకొనవలయునో యామెకు దెలియలేదు. పార్వతమ్మ యెండిన పెదవులు కన్నులకు గట్టెను.

నరహరిరావు పంతులుగారు పురపాలకసంఘమున నా వీధి తరపున సభ్యులు. ప్రతి కార్తికమునను కాలువలో దీపములు విడుచు నుత్సవమునకు వారే యధ్యక్షులు. నదీమాతను గూర్చి యుపన్యసించునపుడు వారి కంఠము గద్గదమగుట పట్టణమెల్ల నెఱుగును. సోమిదేవమ్మ పోవునప్పటికి వారు వసారాలో పడకకుర్చీపై వార్తాపత్రిక చదువుచుండిరి.

“నాయనా నరహరీ, మీ దొడ్డిగొట్టము మా రేవులోనికి దిగుచున్నది. ఎఱుగుదువా?”

పంతులుగారు కండ్లజోడు పైకి ద్రోసికొని మందహాసము చేసిరి. “ఎఱుగకేమి పిన్నిగారూ. మన వీధిలో నెవరి మేడకు లేదు? పాఱెడి నీటికి దోషము లేదని పెద్దలే చెప్పిరి. మఱి నెల దినములలో నీళ్ళు విడుతురు. అటుపిమ్మట నది కనబడదు.”

“కనబడకపోవునా, లేకపోవునా?”

“ఆ రెంటికిని భేదమేమి?” అని వారు పత్రిక పుట ద్రిప్పిరి. “అది యట్లుండనిండు. మీ పెరటి జలదారి యెక్కడికి బోవుచున్నదో చూచుకొంటిరా?”

ఆమె యింటికి వచ్చి కందతుప్పలు తొలగించి చూచెను. భర్త బ్రతికియుండగా బెంకులు పఱచి కట్టించిన జలదారి గోడ క్రిందుగా దూఱి కాలువగట్టునకే దిగియుండెను. పార్వతమ్మ మైలగుడ్డలు జాడించిన నీరును నా దారినే పోయియుండును. ఆ నీటి మిగులునే మఱునాడు బిందెతో ముంచి తెచ్చి మరల నామె నోటనే పోసియుండవచ్చును. అంతవఱకు నితరులపై నున్న రోత యంతయు నొక్కసారిగ తనవైపు దిరిగెను. ఆ మధ్యాహ్నము భోజనము మాని గునపము పట్టి యా పెంకులను బెకలించి నీటిదారిని అరటిపాదులవైపు మళ్ళించెను. చేతులు బొబ్బలెక్కెను.

ఆ సాయంకాలమే దుర్గంధనివారణోపాయమును విచారించుటకు వీధిపెద్దలు పంతులుగారి వసారాలో సమావేశమైరి. పెద్దల మాట లన్నియు నొక్క వైపునకే దిరిగెను. రజకుల రేవు నెత్తివేయింపవలయును, వారిని వంతెన కావల బంజరునకు దోలింపవలయును, అందులకై యధికారులకు విన్నవింపవలయును. పురోహితుడు సుబ్బావధానులుగా రందులకు ధర్మశాస్త్రమున ననుమతి కలదని శ్లోకము జదివిరి. రజకులలో బెద్దయైన సూరయ్య మెట్లక్రింద చేతులు కట్టుకొని నిలిచి, “మా తాతల కాణ్ణించీ ఉతుకుతున్న రేవండి బాబూ. అది తీసేత్తే మేమేం తినాలండి?” యని యడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట తమ గౌరవమునకు దగదని యెంచి కాబోలు పెద్దలు తాంబూలములకై పళ్ళెమువంక జూచిరి.

స్త్రీలు నిలిచియున్న ద్వారబంధముకడనుండి సోమిదేవమ్మ ముందునకు వచ్చెను.

“వారు గుడ్డల మురికి యుదికిరి. మనము కడుపుల మురికి విడిచితిమి. వారి రేవు దిగువను, మన రేవు ఎగువను ఉన్నవి. దిగువనున్న మైల యెగువ కెట్లు ప్రాకినదో యవధానులుగారే సెలవీయవలెను.”

ఒకరు దగ్గిరి, మఱియొకరు విసనకఱ్ఱ త్రిప్పిరి. పంతులుగారు మిక్కిలి మెత్తని స్వరమున, “పాపము, పార్వతమ్మగారు పోయినది మొదలు పిన్నిగారికి మనస్సు స్థిమితము లేదు” అనిరి. అది వినినంతనే సభలోనివా రందఱును బరువు దిగినట్లు నిట్టూర్చిరి. దుర్గంధమును సహింపగలిగినవారు సత్యమును క్షణమైన సహింపజాలకపోయిరి.

మఱునాడు ప్రొద్దెక్కినపిదప నందఱును జూచుచుండ సోమిదేవమ్మ చీర బిగించి గంపెడు బంకమట్టియు నిటుకముక్కలును కొబ్బరిపీచును నెత్తిన బెట్టుకొని కాలువలోనికి దిగెను. బురద మోకాళ్ళు దాటెను. ఈగలు మొగమున ముసరెను. ఎవరి నీడ సోకినను మునుగు నా వృద్ధ పంతులుగారి గొట్టమునోట మోచేతివఱకు చేయి చొనిపి పీచు క్రుక్కి యిటుకలు పేర్చి మట్టితో మెత్తి వచ్చుచున్న వమనమును పండ్లబిగువున నాపుకొనుచు పని ముగించెను. గట్టుపై నుత్తరీయములు ముక్కులకు జేర్చికొని వీధియంతయు నిలిచెను. వలదని యొకడును దిగలేదు, సాయమునకు నొకడును దిగలేదు.

మెట్లెక్కివచ్చు నామె కడ్డముగ సుబ్బావధానులుగారు దూరముననే నిలిచి, “ఎంత పని చేసితివి తల్లీ. ఆ కశ్మలమును దాకిన చేతులతో దద్దినములకు వండదగవు. ప్రాయశ్చిత్తము చేసికొనుదనుక నిన్నెవరును బిలువరు” అనిరి.

“దాకినదానికి జెప్పితిరి. విడిచినవారి కేమి చెప్పితిరి?”

“దానికి శాస్త్రమున విధి కనబడదు.”

“శాస్త్రమునకును మీ కండ్లే పెట్టితిరి కాబోలు” అని యామె ప్రక్కగా నడచిపోయెను. అది మొద లామెకు వంటపిలుపులు లేకపోయెను.

కొలదిదినములకే పంతులుగారి పెరడు నిండెను. బయటికి బోవలసినదంతయు దారిగానక గడపవైపు ప్రాకెను. వారి భార్య రాజ్యలక్ష్మి పెరటిదారిని సోమిదేవమ్మ యింటికి వచ్చి, “పిన్నిగారూ, కాలు పెట్టలేకున్నాము. పిల్లలు అన్నము ముట్టుట లేదు. మీ చేతితో బెట్టినదానిని మీ చేతితోనే తీసివేయుడు” అని వేడుకొనెను.

“అమ్మాయీ, అది పరాయివారిది కాదు, మీదే. మీది మీ యింట నుండుటకే మీకింత రోత యైనచో మా బిందెలలో నుండుట కెట్లొప్పితిరి?”

రాజ్యలక్ష్మి తలవంచుకొనెను. “నాకు దెలియదు పిన్నిగారూ. గొట్టమనిన నెక్కడికో పోవుననుకొంటిని.”

“అందఱమును నట్లే యనుకొంటిమి. నేనును అనుకొంటిని. ఎక్కడికో యనునది లేదమ్మా. ఆ యెక్కడనో కూడ నెవతెయో బిందె ముంచుచుండును.”

రాజ్యలక్ష్మి వెడలిపోయెను. ఆ సాయంకాలమే పంతులుగారు కూలివాండ్రను దింపి గొట్టమును దెఱపించిరి. కాని రజకులను దోలింపవలయునన్న విన్నపము మాత్రము ముందునకు సాగలేదు. రేవును విచారించుటకు వచ్చు నధికారులు గట్టువెంబడి నడతురనియు, నడచినచో గొట్టములు చూతురనియు నెవరికో తోచినది. తమ రేవు తమకే దక్కుట పంతులుగారి కరుణయే యని నమ్మి సూరయ్య యొక యరటిగెల దెచ్చి వారి వసారాలో బెట్టి దండము పెట్టిపోయెను. పంతులుగారు దానిని స్వీకరించిరి. గోడమీదుగ నిది చూచిన సోమిదేవమ్మకు బురదలో నిలిచిననాటికంటెను నెక్కువ రోత పుట్టెను.

జ్యేష్ఠమున ఆనకట్ట తలుపులు లేచెను. ఎఱ్ఱని క్రొత్తనీరు నురుగులు గ్రక్కుచు ఘూర్ణిల్లుచు వచ్చి గుంటలను పూడ్చి గొట్టముల నోళ్ళను మూసి గట్టునంటి నిండుగ దళదళలాడెను. వీధియంతయు పసుపుకుంకుమలతో రేవునకు దరలెను. సన్నాయి మ్రోగెను. పంతులుగారు పట్టుపంచె గట్టి కొబ్బరికాయ గొట్టి కర్పూరహారతి యిచ్చి నదీమాతను గూర్చి చిరకాలము ప్రసంగించిరి, కంఠము గద్గదమయ్యెను. అవధానులుగారు రాగిచెంబుతో నా నీటినే ముంచి మంత్రపూతము గావించి ముత్తైదువల కెల్ల నుద్ధరిణెతో దీర్థము పంచుచు వచ్చిరి.

వీధికి మిక్కిలి యెగువనున్న లాకులకడ మడుగునుండి నీరు దెచ్చుకొనుటకై క్రోసుదూరము నడువనారంభించిన సోమిదేవమ్మ ఖాళీబిందె చంకనిడుకొని యా దారిని బోవుచు గుంపు వెలుపల క్షణకాలము నిలిచెను. ఉద్ధరిణె రాజ్యలక్ష్మి యరచేతికడకు వచ్చెను. అరచేతిలో నీరు నిలిచెను. ప్రక్కనున్న స్త్రీలు తమ తమ తీర్థములను గైకొని తలపై చేతులు తుడుచుకొనిరి. రాజ్యలక్ష్మి చేయి పెదవులదాక లేచి యచ్చటనే యాగెను. ఆమె నీటివంక జూచెను, నీటిక్రింద నెక్కడనో యున్నదానివంక జూచెను. పిమ్మట మెల్లగ పిడికిలి బిగించెను. తీర్థము వ్రేళ్ళసందులనుండి బొట్లుబొట్లుగ మెట్టుపై రాలెను.

పంతులుగా రిది చూడలేదు. వారు కన్నులు మూసికొని తమ యరచేతిలోని దానిని కడపటి బొట్టువఱకు మిక్కిలి భక్తితో ద్రాగుచుండిరి.