ప్రతినిధి పోసిన గావా

గంగాప్రసాద్‌ను విద్యార్థి ప్రతినిధిగా ఎన్నుకున్నది చదువు చూసి కాదు, గొంతు చూసి. గల్ఫులో, ముసఫ్ఫాలోని ఇనుప పైపుల గోదాముకు స్టోర్‌కీపర్ అతను. ఫోర్క్‌లిఫ్టు మొత్తుకుంటున్నా సరే, అతను పిలిచాడంటే గోదాము ఆ చివరి మనిషి పలకాల్సిందే. జగిత్యాల దిక్కునుంచి వచ్చినవాడు నలభై దాటాక మళ్లీ పుస్తకం పట్టాడు. సేఫ్టీ డిప్లొమా లేకుండా సూపర్‌వైజర్ హెల్మెటు నెత్తికెక్కదని ముదీర్, అంటే మేనేజరు, తేల్చేశాడు మరి. పగలు డ్యూటీ, సాయంత్రం కమ్యూనిటీ కాలేజీ. ఆ బ్యాచిలో అందరిదీ అదే బతుకు. నుదుటి మీద హెల్మెటు పట్టీ గీత చెరగకుండానే బెంచీల్లో కూలబడి, పాఠం సగంలో కునికి, ఉలిక్కిపడి లేచి మళ్లీ రాసుకునేవాళ్లు.

"నువ్వే పోవాలన్నా," అన్నాడు పక్క బెంచీ అజ్మతుల్లా. నెల్లూరువాడు, ఏసీలు బాగుచేస్తాడు. "మేం పోతే ఇంగ్లీషు కావాల. నువ్వు పోతే ఇంగ్లీషు కూడా నీ అరుపుకి భయపడి వచ్చేస్తది."

అందరూ చేతులెత్తారు. గంగాప్రసాద్ కాలేజీ పాలకమండలి సభ్యుడయ్యాడు.

మొదటి సమావేశంలోనే అతనికి రోత పుట్టింది. గదినిండా ఊదు అత్తరు, దాని అడుగున నిన్నటి సమోసాల కంపు. ఛైర్మన్ అంజిబాబుది భీమవరం. కాలేజీ ఆయనది, బస్సులు బావమరిదివి, క్యాంటీను ఆ బావమరిది భార్యది. బావమరిదీ సభ్యుడే. ఇంకో సభ్యుడు ఆడిటరు, ఫోనులోంచి తల ఎత్తడు. ప్రతి నిధీ వాళ్లది, ప్రతినిధి మాత్రం మనం అనుకున్నాడు గంగాప్రసాద్. పాలకమండలిలో పాలెవరికో, మండేదెవరికో ఆ పూటే తేలిపోయింది. ఏ తీర్మానమైనా ఏకగ్రీవమే. అంటే మెడ ఒకటే, అంజిబాబుది. మిగిలినవి దానికి తగిలించిన తలకాయలు. అది ఊగితే ఇవీ ఊగుతాయి. మినిట్స్ అని పేరుపెట్టి గంటలు మింగేవారు. బావమరిది సమోసా చీల్చి, లోపలి బఠాణీలు ఏరి పక్కవాడి సాసర్లో పడేసేవాడు. జిడ్డు కారే ఆ వేళ్లతోనే చెయ్యెత్తి ఓటేసేవాడు. కరోనా నాటి 'దూరం పాటించండి' స్టిక్కరు అన్ని కుర్చీలకూ ఒలిచేశారు, విద్యార్థి ప్రతినిధి కుర్చీకి మాత్రం ఉంచారు.

అక్కడ మనిషిలా కనిపించింది అబూ ఖల్ఫాన్ ఒక్కడే. ఈ దేశపు పెద్దాయన, కాలేజీ లైసెన్సులో భాగస్తుడు. తెల్లటి పొడుగు అంగీ కందూరా, చేతిలో జపమాల, మాట తక్కువ.

ఆ మొదటిరోజే గంగాప్రసాద్ ఒక పొరపాటు చేశాడు. పనివాళ్లుండే క్యాంపులో ఒక రివాజు ఉంది. గదిలోకి కొత్తగా చేరినవాడు మొదటిరోజు అందరికీ చాయ్ పోస్తాడు. మర్నాటి నుంచి వాడూ అందరిలో ఒకడు. ఇక్కడ గావా పోసే మనిషి సెలవులో ఉన్నాడని విని, అలవాటు కొద్దీ లేచి కూజా అందుకున్నాడు. పాలు తగలని ఆ యాలకుల కాఫీని కప్పు కప్పుకీ వంచాడు. కానీ ఇక్కడ ఆ మర్నాడు రానేలేదు. ప్రతి మీటింగులోనూ అంజిబాబు ఒకసారి కూజా వంక చూసేవాడు, ఒకసారి అతని వంక. ఫొటో తీసేటప్పుడు మాత్రం కుర్చీలో కూర్చోబెట్టి, 'విద్యార్థుల గొంతు వినే కాలేజీ' అని ఫేస్‌బుక్కులో పెట్టేవారు. ఫొటోలో గొంతెక్కడ వినబడుతుంది? అందుకే పెట్టేవారు కాబోలు.

ఎండాకాలం తగ్గే వేళకు అసలు కబురు పొక్కింది. సాయంత్రం బ్యాచి ఎత్తేసి, ఆ గదుల్లో ఇంగ్లీషు పరీక్షల కోచింగు పెడతారట. కావలసినవాళ్లు పగటి బ్యాచికి మారొచ్చట. పగలు కాలేజీకొస్తే డ్యూటీ ఉండదు, డ్యూటీ లేకపోతే ఈ దేశంలో మనిషే ఉండడు. ఆఖరు సెమిస్టరు ఒక్కటే మిగిలింది. అది పోతే డిప్లొమా పోయినట్టే, చదివిన రెండేళ్లూ ఇసుకలో పోసినట్టే.

"ఈసారి గావా కాదన్నా, కారం పొయ్యి వాళ్ల కళ్లల్లో," అన్నాడు అజ్మతుల్లా.

గంగాప్రసాద్ గోదాములో పైపుల మధ్య నిలబడి ప్రసంగం బట్టీ పట్టాడు. పైపులు శ్రద్ధగా విన్నాయి. ఏ బోర్డు సభ్యుడూ అంత నిటారుగా నిలబడి విన్న పాపాన పోలేదు.

మీటింగు రోజు జెరాక్సు మిషను దగ్గర ఫైజా అతన్ని ఆపింది. కర్నూలు అమ్మాయి. మండలి కాగితాలన్నీ ఆమే చూస్తుంది.

"అన్నా, ఈ పొద్దు నువ్వు నోరు తెరవద్దు," అంది గొంతు తగ్గించి.

"గదేంది చెల్లె? నోరు తెరువుమనే గద నన్ను తోలిండ్రు!"

"తెరిస్తేనే మీ బ్యాచి పోతాది. కోర్సు మూసెయ్యాలంటే స్టూడెంటు రెప్పు చెప్పేది బోర్డు వినల్ల, అదీ రూలు. వింటే చాలు. ఏం చెప్పినావనేది ఎవనికీ పనిలేదు. 'విన్నాం, మూసేస్తున్నాం' అని రాయమని సారు నిన్ననే చెప్పేసినాడు."

"అట్లైతే లోపలికే రాను."

"రాకుంటే అభ్యంతరం లేనట్టు. వచ్చి గమ్మున కూర్చున్నా అంతే. పొద్దు మునిగే మగ్రిబ్ దాకా ఎట్లనో లాగు. అబూ ఖల్ఫాన్ నమాజుకు లేస్తే మీటింగు ఖలాస్, మళ్లా నెలకే. వచ్చే వారం మీ సెమిస్టరు మొదలైతే మధ్యలో ఆపేకి కాదు. నేను చెప్పినట్టు అనొద్దు, అల్లా కసమ్."

గంగాప్రసాద్‌కు ఇన్నాళ్లూ నోరెత్తనివ్వలేదని మంట. తీరా ఇప్పుడు నోరు తెరిపించి, అందులోంచే తమ తీర్మానాన్ని లాక్కుంటారట! పన్ను పీకేవాడైనా ముందు మత్తిచ్చి పీకుతాడు కదా.

లోపల అంజిబాబు పాకంలో ముంచిన గొంతుతో ఎదురొచ్చాడు.

"రండి గంగాప్రసాద్ గారూ! ఇవాళ గావా గీవా మీరు ముట్టుకోవద్దండి. కూర్చోండి. మీ మనసులో ఉన్నదంతా కక్కెయ్యండి, మేం వింటాం."

కక్కడానికి అతనికేమీ అభ్యంతరం లేదు. గొంతుదాకా వచ్చే ఉంది. దాన్ని అదిమిపెట్టి కూజా అందుకున్నాడు.

"పెద్దాయన చెయ్యి ఖాళీగుంటే నేనెట్ల కూసుంట సార్? పోసి మాట్లాడ్త."

ఎడమచేత్తో కూజా, కుడిచేత్తో చిన్న కప్పు. ముందుగా అబూ ఖల్ఫాన్‌కు పోశాడు. గావాకు ఒక మర్యాద ఉంది. తాగినవాడు చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇస్తాడు. ఊపకుండా ఇస్తే మళ్లీ పోయాల్సిందే. వచ్చిన కొత్తలో, వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో ఆ ఊపుడు తెలియక, వద్దంటే ఏమనుకుంటారోనని తాగుతూ పోయి, గుండె డప్పులా మోగేదాకా తెచ్చుకున్నాడు గంగాప్రసాద్. కానీ ఈ దేశంలో పుట్టినవాడు ఎవడూ మూడు కప్పులు దాటడు. దాటితే మర్యాద కాదు.

బావమరిది కప్పు ఊపేశాడు. ఆడిటరు ఊపేశాడు. అబూ ఖల్ఫాన్ తాగి, ఊపకుండా ముందుకు చాచాడు. రెండోది పోశాడు. మూడోదీ అయింది.

"ఊఁ, మీ అభిప్రాయం గంగాప్రసాద్ గారూ..."

"వస్తున్న సార్. పెద్దాయన ఇంక ఊపలే."

నాలుగో కప్పు చాచాడు పెద్దాయన. ఆడిటరు ఫోనులోంచి తలెత్తాడు, ఏడాదిలో మొదటిసారి. అయిదోదీ చాచాడు. ఆయన ముఖంలో ఏమీ లేదు, జపమాల పూసలు మాత్రం నింపాదిగా జరుగుతున్నాయి. పెద్దాయనతో ఇక చాలు అనగల మొనగాడు ఆ గదిలో లేడు. ఆయన ముందునుంచి కూజా తీసుకుపొమ్మనే మొనగాడూ లేడు.

అంజిబాబు పాకం విరిగింది. "గారు" ఊడిపోయింది.

"ఒరే, నిలబడే చెప్పి చావు! నోరుంది కదా?"

"నా నోరు ఎరికే గద సార్ మీకు. మాట్లాడితే కూజ ఊగుతది. పెద్దాయన తెల్లబట్టల మీద పడితే నేనేమనాలె?"

మగ్రిబ్ అజాన్ వినిపించింది. అబూ ఖల్ఫాన్ కప్పును మెల్లగా ఊపి, అతని చేతిలో పెట్టి, "మష్కూర్" అని కృతజ్ఞత చెప్పి లేచాడు. ఆయన వెనకే కుర్చీలన్నీ లేచాయి. తీర్మానం బల్లమీదే పడుకుంది.

నడవాలో అంజిబాబు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. వేళ్ల నిండా సమోసా జిడ్డు.

"మా గొప్ప పని చేశాననుకుంటున్నావేమో. నీ సెమిస్టరు నువ్వు ఊడ్చుకుపో. వచ్చే ఏడు నుంచి ఎన్నికల్లేవు, ప్రతినిధిని నేనే వేస్తా. గడగడా మాట్లాడేవాణ్ణి వేస్తా. వాడు మాట్లాడతాడు, మేం వింటాం, బ్యాచి మూస్తాం. అర్థమైందా?"

గంగాప్రసాద్ చొక్కా చేతికి అంటిన మరకను చూసుకుంటూ క్లాసుకు వెళ్లాడు. ఏమైందో చెప్పేసరికి బెంచీలు మోగిపోయాయి. ఎవరో ఈల వేశారు. అజ్మతుల్లా అమాంతం వాటేసుకున్నాడు.

"షాబాష్ అన్నా! డిప్లొమా చేతికొచ్చేసింది!"

"మనది వచ్చింది తమ్మీ. మన ఎన్కచ్చేటోళ్లకు లేదు. వచ్చే ఏడు మూసేస్తడట. ఎన్నికలు సుత లేవట. ఇప్పుడే అందరం కలిసి పోయి అడుగుదాం పా. మనమింతమందిమి ఉన్నం."

ఈల ఆగింది. బెంచీలూ ఆగాయి. ఒకడు పుస్తకం తీశాడు, ఒకడు పెన్ను వెతుక్కున్నాడు.

"మనది అయిపోయింది కదన్నా," అన్నాడు అజ్మతుల్లా నెమ్మదిగా. "ఎవరో వచ్చే ఏడొచ్చేవాళ్లు. మనకెందుకు చెప్పు?"

మిగతా తలలు ఊగాయి. ఒక్కటి కూడా అడ్డంగా ఊగలేదు.

గంగాప్రసాద్ నోట్లో చేదు నీళ్లూరాయి. ఉమ్మేద్దామని కిటికీ దాకా వెళ్లాడు. ఈ ఊళ్లో ఉమ్మితే జరిమానా. మింగి, వెనక్కొచ్చి తన చోట్లో కూర్చున్నాడు.