పూవులు పుట్టకమునుపటి శిల

శ్రావణమేఘములు గోదావరిపై వ్రాలుచుండ వఱదనీరు వంతెనకంబముల నొరసికొని యెఱ్ఱగా పాఱుచుండ రాజమహేంద్రవరమున నొక తైలపరిశోధనాలయమున పూర్వాహ్నవేళ సలాది హైమవతి యను రసాయనశాస్త్రజ్ఞురాలు యంత్రము గీసిన రేఖాపటమును ముందిడుకొని కదలక కూర్చుండియుండెను. భూగర్భమునుండి వెడలిన ముడిచమురు ఏ శిలయందు జనించినదో కనిపెట్టుట యామె పని. చమురునందలి ఆనవాళ్లను శిలయందలి యానవాళ్లతో పోల్చి దాని కులగోత్రములు చెప్పుటయే యామె విద్య.

నాడు పోలిక కుదిరినది. కోనసీమబావి చమురును, దానికి చేరువ బావిలో మిక్కిలి లోతుననుండి తెచ్చిన నల్లఱాతినుండి తీసిన చమురును గీతకు గీత సరిపోయినవి. ఆ శిలయే తల్లియని యౌవనమునుండియు నొంటరిగా వాదించి నవ్వులపాలైనవాడు ఆమె గురువు ఆకొండి వ్యాఘ్రేశ్వరుడు. మఱునాటి సభలో నీ పటము చూపినచో ఆయన చెప్పినచోటనే క్రొత్తబావి పడును. ఉద్యోగవిరమణకు సిద్ధముగా నున్న యావృద్ధుడు వార్త చెవిని పడినంతనే యాత్రేయపురపు పూతరేకులు తెప్పించి పంచుచుండెను.

కాని ఱాతిచమురు పటమున నొకచోట చిన్నశిఖరము నిలిచియుండెను. అది పూలు పూచు చెట్లనుండి మాత్రమే కలుగు పదార్థపు ఆనవాలు. ఆ శిల యేర్పడిన కాలమున పుడమిపై పూవన్నదే లేదు. హైమవతి త్రవ్వకపుటధికారికి ఫోను చేసి యడుగగా, నల్లఱాయి తెచ్చిన బావిలో గొట్టము ఇఱుకుకొన్నదనియు, దానిని జాఱించుటకై ప్రక్కనున్న ఆ కోనసీమబావి చమురునే త్రవ్వకమునకు వాడు బురదలో కలిపి పోసితిమనియు, అది తమకు అలవాటేననియు ఆయన తడుముకొనక చెప్పెను. ఆమె ఱాతి పైపొరను చెక్కివేసి నడిమిభాగమును నూఱి మరల పరీక్షించెను. ఆ శిఖరము లేదు. తక్కిన గీతలును కలియలేదు. చమురు తన్ను తానే చూచుకొని తల్లియని మురిసినది.

ఈ మాట దాచిన నెవరికిని తెలియదు. ఆ యూహ వచ్చినందుకు సిగ్గుపడి యామె సాయంకాలమున గురువు గదికి పోయెను.

"మాస్టారండీ, రాయిలో దొరికింది రాతి నూనె కాదండి. గొట్టం జారడానికి పోసిన పక్కబావి నూనేనండి."

వృద్ధుని చేతిలోని పూతరేకు నలిగి పొడియయ్యెను. లోపలి ముక్కను చూచితివా యని యడిగి, చూచితినని యామె చెప్పగా ఆయన చేయి దులుపుకొనెను.

"ఆ రాయే తల్లి అవ్వాలని నేను కోరుకున్నానమ్మా. కోరుకుంటే అయిపోతుందేంటి?"

మఱునాడు సభలో ఆయనయే లేచి తన వాదము నిలువదని చెప్పెను. అట్లయిన తల్లిశిల యేదియని యధ్యక్షుడడిగెను. "తెలియదు" అని వ్యాఘ్రేశ్వరుడు పలికెను. హైమవతి యామాట ఆయన నోట వినుట యదియే మొదలు. ఆయన యంత గంభీరముగా మఱేమాటయు నెన్నడును పలికియుండలేదని యామెకు తోచెను.