దాంతన్ దాటాక

గార్డు ఎర్రయ్య రిటైరై ఏడాది దాటింది గాని, ఆయన ఈల మాత్రం రిటైరు కాలేదు. ఆ ఆదివారం పొద్దున ఖరగ్‌పూర్ రైల్వే పేట పూరీ గేట్‌లో వాళ్ళింటి ముందు సమూయేలు పాత లాండ్‌మాస్టర్ కారు ఆగింది. భార్య జోగమ్మ వెనక సీట్లో కూర్చుని సారె డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. ముందు సీట్లోని ఎర్రయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, ముందొకసారి వెనకొకసారి చూసి, జేబులోంచి ఈల తీసి ఊదాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. గార్డుద్యోగం పుట్టుకతో వచ్చింది కాకపోయినా ఆ మాట ఎర్రయ్యకు అచ్చంగా అతుకుతుంది. స్టేషను దగ్గర టాక్సీ తోలుకునే సమూయేలు నవ్వాపుకుని కారు కదిపాడు.

రైలు పాసు చేతిలో ఉండగా డబ్బు పోసి కారెక్కడమేమిటని వీధి వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. వాళ్ళ మాట కాదనడానికి లేదు. ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాల వాళ్ళకు రోడ్డంటే స్టేషను దాకా వెళ్ళే దారి, అంతే. కానీ జోగమ్మ పట్టుబట్టింది. రైళ్ళు లేని కాలంలో జనం జగన్నాథుడి కోసం నడిచివెళ్ళిన పాత సడకు మీద, దారిలో ఉన్న వింతలన్నీ చూసుకుంటూ రెమునా గోపీనాథుడి గుడి దాకా వెళ్ళాలని ఉందంది. అణా ఖర్చుకు ఆరుసార్లు ఆలోచించే ఎర్రయ్య ఈ మాటకు మాత్రం మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. జోగమ్మ ఆ సంగతి మీద పెద్దగా దృష్టి పెట్టలేదు. ఆమె దృష్టంతా దాంతన్ ఊరు దాటాక వచ్చే ఒక చోటు మీద ఉంది.

ఆ చోటి సంగతి పూరీ గేట్‌లో ఆమెకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలీదు. యుద్ధం రోజులవి. జోగమ్మ శ్రీకాకుళం దగ్గర పుట్టింట్లో తొలి పురుడు పోసుకుని, ఆడపిల్లను చంకనేసుకుని తిరిగొస్తోంది. ఎర్రయ్యకు సెలవు దొరక్క బారసాల ఆగిపోయింది గనక పిల్లకింకా పేరు లేదు. భద్రక్‌లో ఆమె ఎక్కిన పాసింజరుకు గార్డుగా ఎక్కింది ఎర్రయ్యే. నా బండిలో నా కూతుర్ని తీసుకుపోతున్నానని ఆయన ప్రతి స్టేషన్లోనూ దిగొచ్చి పిల్లను చూసిపోయాడు. జలేశ్వర్ దాటాక దసరా గాలివాన విరుచుకుపడింది. ముందూ వెనకా చెట్లు కూలి, బండి పొలాల మధ్య నిలబడిపోయింది. అప్పటికే జ్వరంతో కాలిపోతున్న పిల్ల తెల్లారేసరికి చల్లబడిపోయింది.

ఫైర్‌మన్ బొగ్గుపార తెచ్చిస్తే ఎర్రయ్యే తవ్వాడు. లైను పక్కనే పాత సడకు, దాని అంచున అక్షరాలరిగిన మైలురాయి. ఆ రాతి మొదట్లోనే పిల్లను పెట్టారు. నక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పసుపూ కుంకుమా మూటలో ఉంటే, ఆడపిల్లను బోసి ముఖంతో ఎలా పంపుతామని జోగమ్మ ఆ రాళ్ళకు పసుపు పూసి బొట్టు పెట్టింది. సాయంకాలానికి లైను బాగైంది. మట్టి పోసిన చేత్తోనే ఎర్రయ్య పచ్చజెండా ఊపాడు. బండి కదిలిపోయింది.

ఆ జెండాను జోగమ్మ ఇరవైనాలుగేళ్ళుగా క్షమించలేదు. ఆయన ఊపకపోతే బండెడు జనం అక్కడే ఉండిపోదురని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు ఊరుకుంటుందా? తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, వర్క్‌షాపులో పనికి కుదిరారు. పాసు మీద ఊరెళ్ళినప్పుడల్లా మెయిలు ఆ చోటు రాత్రిపూట దాటేది. జలేశ్వర్ వస్తోందనగానే జోగమ్మ కిటికీ రెక్క దించేసేది. ఎర్రయ్య నోట్లో నువ్వుగింజ నానదని పూరీ గేట్‌లో అందరికీ తెలుసు, కాని ఆ ఒక్క మాట మాత్రం ఆయన నోటెంట రాలేదు. మరిచిపోయాడనే జోగమ్మ అనుకుంది. అసలు మరిచిపోయాడో లేదో ఇవాళ తేల్చుకోవాలని బయలుదేరింది. చోటు తాను చూపించదు. ఆయనే కారు ఆపించాలి. ఆపకపోతే, మిగిలిన బతుకు ఆ మనిషికి అన్నం ఎలా వడ్డించాలో ఆమెకు తెలీదు.

నారాయణగఢ్ దగ్గర ఒక పాత గుడి కనిపిస్తే దిగుదామంది జోగమ్మ. అది మన హాల్టు కాదన్నాడు ఎర్రయ్య. ప్రయాణానికంతటికీ ఆయన నోటిలెక్కన ఒక టైంటేబులు కట్టుకొచ్చాడు. బెల్దాలో ముర్రీలనే మరమరాలూ, ఆలూచాపనే బంగాళాదుంప బజ్జీలూ తినడానికి ఒక హాల్టు. తినడం కాకముందే ఈల. సమూయేలు చాపు ముక్క నోట్లో కుక్కుకుని పరిగెత్తుకొచ్చాడు.

దాంతన్ ఇంకా రాకముందే పొలాల్లో పెద్ద మట్టిదిబ్బ కనిపించింది. శశిసేన అనే రాజకుమార్తె చదువుకున్న బడి ఆ దిబ్బ కింద ఉందని అక్కడి జనం చెప్పుకుంటారు. పశువులు మేపుకునే మనిషొకడు ఆ కథంతా బెంగాలీలో చెప్పి, పాత ఇటుక ముక్క ఒకటి జోగమ్మ చేతిలో పెట్టాడు. ఎర్రయ్య దిబ్బ కేసి కాక, దూరంగా పోతున్న గూడ్సు కేసి చూసి వ్యాగన్లు లెక్కపెట్టాడు. తర్వాత దాంతన్‌లో శరశంఖ చెరువు. అవతలి గట్టు కంటికి ఆనని చెరువు. వేరే రోజైతే జోగమ్మ ఆ నీళ్ళను చూసి మురిసిపోయేది. ఇవాళ మెట్ల మీద కూర్చుని కాళ్ళు తడుపుకుంటూ, ఏమీ ఎరగనట్టు మొగుణ్ణి అడిగింది.

"ఏటండి, దీని తరవాత మన హాల్టెక్కడ?"

"జలేశ్వర్. మద్దిన హాల్టు నేదు," అన్నాడు ఎర్రయ్య.

జోగమ్మ గుండె చెరువైంది. ఇంకేం తేల్చుకోవాలి? తేలిపోయింది. కారెక్కి సారె డబ్బా గట్టిగా పట్టుకుంది. అందులో అరిసెలూ, సున్నుండలూ, చలిమిడీ, గాజులూ, ఆకుపచ్చ రవికగుడ్డా ఉన్నాయి. గోపీనాథుడికని చెప్పి చేసింది గాని, చలిమిడి దేవుడికి చెయ్యలేదు. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు చేసేదే చేసింది. మొగుడు ఆపకపోయినా తానే కారు ఆపించి దిగిపోవాలా, లేక ఆ పిల్లకు తండ్రి లేడనుకుని ముందుకు పోవాలా అని తర్జనభర్జన పడుతుండగానే రోడ్డు లైను పక్కకు జరిగింది. ఎర్రయ్య మెడ చాచి ముందుకు చూస్తున్నాడు. జేబులోకి చెయ్యి పోయింది. ఈల పైకొచ్చింది గాని ఊదలేదు.

"ఒరే సమూయేలూ, మెల్లగా ఆపు," అన్నాడు.

రోడ్డు పక్క చిన్న రేకుల పందిరి. దాని ముందు నాలుగైదు లారీలు. పక్కన టీకొట్టు. జోగమ్మ ఆ చోటును గుర్తుపట్టలేదు. అప్పుడది బీడు. కాని పందిరి కింద నిలబడి ఉన్న రాతిని చూడగానే ఆమెకు తెలిసిపోయింది. అదే మైలురాయి. దాని మొదట్లో అవే రాళ్ళు. ఇప్పుడు వాటి నిండా సిందూరం, చిన్న చిన్న గాజులు, లక్కపిడతలు, గుడ్డబొమ్మలు.

"హాల్టు నేదన్నారు కదేటి?" అని అడిగింది.

"హాల్టంటే రొండు నిమిసాలాగి ఎల్లిపోయేది," అన్నాడు ఎర్రయ్య, ఆమె కేసి తిరక్కుండానే. "పిల్ల కాడికొచ్చి అలాగెల్లిపోతామేటి?"

పిల్ల అన్న మాట ఆయన నోటెంట విని ఇరవైనాలుగేళ్ళయింది. జోగమ్మకు కారు తలుపు ఎటు తియ్యాలో కాసేపు తెలియలేదు. సమూయేలు దిగొచ్చి తీశాడు.

టీకొట్టు ముసలమ్మ వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టి, కొత్తవాళ్ళకు చెప్పే కథ మొదలుపెట్టింది. జోగమ్మకు బెంగాలీ బాగానే వచ్చు. ఈ తల్లి పేరు ఖుకీ మా అంది ముసలమ్మ. ఖుకీ అంటే చంటి ఆడపిల్ల. పెద్ద గాలివాన వచ్చిన యేడు, వాన వెలిశాక చూస్తే రాత్రికి రాత్రి ఈ రాళ్ళు పసుపూ కుంకుమలతో వెలిశాయట. ఈ ప్రాంతంలో రాతికి సిందూరం పూస్తారు గాని పసుపు పూసి బొట్టు పెట్టరు. మనుషులు చేసిన పని కాదని ఊరంతా తీర్మానించుకున్నారు. జగన్నాథుడి యాత్రకు పోతూ తప్పిపోయిన రాజుగారి కూతురని కొందరు, సుభద్రమ్మ చెల్లెలని కొందరు. ఏమైతేనేం, ఆమెకు మొక్కకుండా ఈ సడకు మీద ఏ లారీ దాటదు. పిల్లలు లేనివాళ్ళు బొమ్మ తెచ్చిపెడతారు, పుట్టాక గాజులు తెస్తారు.

"రైలువాళ్ళకు కూడా తెలుసమ్మా," అంది ముసలమ్మ టీ వడపోస్తూ. "ఒక గార్డుబాబు ఉండేవాడు. ఇక్కడ స్టేషనూ లేదు, సిగ్నలూ లేదు. అయినా తన బండి ఇటు వచ్చినప్పుడల్లా చివరనున్న బ్రేకువ్యాను తలుపులో నిలబడి పచ్చజెండా చూపేవాడు. ఇంజను కేసి కాదు, ఖుకీ మా కేసి. రాత్రయితే పచ్చ దీపం. వానైనా సరే. నా పిల్లలు ఆ దీపం చూసి గాని నిద్రపోయేవాళ్ళు కాదు. ఏడాదిగా కనిపించడం లేదు. బదిలీ అయ్యాడో, పోయాడో పాపం."

జోగమ్మ మొగుడి కేసి చూసింది. ఆయన టీగ్లాసులోకి చూస్తున్నాడు.

ముసలమ్మ పాలకని లోపలికి వెళ్ళాక జోగమ్మ మెల్లగా అడిగింది. "ఇన్నాళ్ళూ నాకు సెప్పలేదేటి?"

"మెయిల్లో నువ్వు కిటికీ దించేసేదానివి. సూడనేకపోతన్నావనుకున్నాను. నానెత్తితే మల్లీ రాజుకుంతాదని ఊరుకున్నాను."

"నాను దించింది పిల్లని సూడనేక కాదు," అంది జోగమ్మ. "మీరూపిన జెండా గ్యాపకమొచ్చి."

ఎర్రయ్య గ్లాసు బెంచీ మీద పెట్టాడు. తర్వాత, "ఆ పొద్దు అది ఊపినందుకే, తరవాత పెతీసారీ ఊపినాను," అన్నాడు. ఆ మాటకు జోగమ్మకు ఇంతకాలం రాని ఏడుపు వచ్చింది. చెంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళ మనసు తమకు తెలుసనుకుని తలుపులు మూసుకుని కూర్చున్న మొగుడూ పెళ్ళాలను ఏమనాలి? తిట్టడానికి నోరు రాదు.

ఏడుపు తీరాక జోగమ్మ లేచి సారె డబ్బా విప్పింది. రాళ్ళకు మళ్ళీ పసుపు పూసి బొట్టు పెట్టి, గాజులు పెట్టి, చలిమిడి ముద్ద ముందుంచింది. అత్తవారి ఊళ్ళో సారె ఇంటింటికీ పంచకపోతే పుట్టింటికి మాట వస్తుంది. అందుకని అరిసెలూ సున్నుండలూ లారీ డ్రైవర్లకూ, క్లీనర్లకూ, ముసలమ్మకూ, సమూయేలుకూ తానే పంచింది. ఒక సర్దార్జీ అరిసె కొరికి ఇదేం మిఠాయని అడిగి ఇంకోటి తీసుకున్నాడు. పసుపు పూసిన తీరు చూసి ముసలమ్మ కళ్ళు చికిలించింది. నీకు ఆడపిల్లలెంతమంది తల్లీ అని అడిగింది.

"ఒకతే," అంది జోగమ్మ బెంగాలీలో. "ఈ దారమ్మటే ఇచ్చాం."

అప్పుడు జలేశ్వర్ వైపు నుంచి కూత వినిపించింది. ఎర్రయ్య చటుక్కున లేచి నిలబడ్డాడు. ఖరగ్‌పూర్ పాసింజరు అన్నాడు. చెయ్యి జేబులు తడుముకుంది. ఈల ఉంది గాని జెండాలు ఎప్పుడో ఆఫీసులో అప్పగించేశాడు. వట్టి చేతులతో లైను కేసి చూస్తూ నిలబడ్డ ఆ మనిషిని చూస్తే జోగమ్మకు జాలేసింది. డబ్బా అడుగున ఉన్న ఆకుపచ్చ రవికగుడ్డ తీసి, మడత దులిపి, ఆయన చేతిలో పెట్టింది.

ఇంజను దాటింది. పెట్టెలు దాటాయి. ఎర్రయ్య పిల్ల పక్కన నిలబడి గుడ్డను నిండుగా చాచి ఊపాడు. చివరి బ్రేకువ్యాను తలుపులో ఎవరో కొత్త గార్డు నిలబడి ఉన్నాడు. స్టేషను లేని చోట ఈ పచ్చగుడ్డ ఏమిటో అతనికి తెలిసే దారి లేదు. కాని ఎవరైనా పచ్చ చూపితే తిరిగి పచ్చ చూపడం గార్డులకు చేతి అలవాటు. అతను చంకలోని జెండా తీసి, విప్పి, పందిరి కేసి చాచి పట్టుకున్నాడు. బండి కనుమరుగయ్యేదాకా అలాగే పట్టుకున్నాడు. ఈసారి జోగమ్మ కూడా చూసింది.

ముసలమ్మ తల మీదికి ముసుగు లాక్కుని, ఎర్రయ్య కేసీ జోగమ్మ కేసీ మార్చి మార్చి చూసింది. రెండు గ్లాసులు కడిగి మళ్ళీ టీ పోసింది. జోగమ్మ రవికగుడ్డ తీసుకుని రాళ్ళ మీద పరిచింది.

జలేశ్వర్‌కు ఆలస్యమైపోతుందని సమూయేలు గుర్తు చేశాడు.

"పోనీలేరా, కూకో," అన్నాడు ఎర్రయ్య, ఈలను జేబులో వేసుకుంటూ.