మూడో అడుగు

భర్త క్లైవ్ వెండిరంగు కోటుని నడుము దగ్గర రెండంగుళాలు వదులు చేసి, రాలిపోయిన తళుకుల్ని మళ్లీ కుడుతోంది బెరిల్. పాతికేళ్ల కిందట ఆ కోటు కుట్టిందీ ఆమే. క్లైవ్ పాడిన బ్రాస్ పీకాక్స్ బ్యాండు పాత హిట్లన్నీ కలిపి ఇప్పుడొక సీడీ వస్తోంది. దాని అట్టకోసం శనివారం ఫొటో.

"బెరిల్, సీడీతో వచ్చే పుస్తకం ప్రూఫులు పంపారు. చదివి నా సంతకం పెట్టి పంపెయ్" అన్నాడు క్లైవ్ టీ తాగుతూ. "నా సంతకం నాకంటే నీకే బాగా వచ్చు."

నిజమే. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఏ మూల ఆడపిల్ల రాసినా, ఫొటోమీద 'ప్రేమతో, క్లైవ్' అని రాసి పంపింది బెరిలే. సూది కోటుకే గుచ్చి, కాగితం అందుకుంది. రెండో పేజీలో ఆగింది.

'స్టూడియోలో చెక్క మెట్లెక్కి ఆ నలుగురు కుర్రాళ్లూ వేసిన అడుగుల చప్పుడే ఈ పాటల ప్రాణం.'

రికార్డింగు రోజున క్లైవ్‌తో సహా ఆ నలుగురూ మెట్లెక్కిన మాట నిజం. స్టేజీమీద వేసుకునే అరడుగు మడమల బూట్లతో ఎక్కి, డ్రమ్మరు చీలమండ బెణికించుకుని, మిగతా ముగ్గురూ నవ్వుతూ కూలబడ్డారు. అప్పుడు తాళంకప్పల ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చిన బెరిల్, ఆమె స్నేహితురాలు డిల్లిస్, అడుగున ఇనుప నాడాలు కొట్టిన పనిబూట్లతో, పాటకి దరువుగా రికార్డు చేసుకునేందుకు సాయంత్రం దాకా ఆ మెట్లమీద తొక్కారు. బెరిల్‌కి అప్పుడు మూడోనెల. "కడుపుతో ఉండి గంతులేమిటి? నువ్వు పెళ్లానివని తెలిస్తే వాడి పాటలు ఎవరు కొంటారు?" అంది అత్తగారు. కంపెనీ మేనేజరైతే ఉంగరం తీసి జేబులో వేసుకోమన్నాడు. పత్రికవాళ్లొస్తే క్లైవ్ ఆమె భుజంమీద చెయ్యేసి "మా చెల్లెలు" అనేవాడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చేదో ఇప్పుడు ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఆ సాయంత్రాన్ని ఆమె మరిచిపోలేదు. మరిచిపోయినట్టు ఉండటం కూడా ఇంటిపనుల్లో ఒకటైపోయింది, అంతే.

"ఇది తప్పు" అంది.

"ఏది?"

"అడుగులు నేనూ డిల్లిస్ వేశాం."

"అబ్బా! అందరం తొక్కాం కదే. పాతికేళ్ల తర్వాత ఇప్పుడెందుకు?"

"ఇప్పుడే అచ్చవుతోంది కాబట్టి."

ఆమె లేచి ఆ అడుగులున్న పాట ఒకటి పెట్టింది. "తొక్కు" అంది. క్లైవ్ నవ్వుతూ మేజోళ్లతోనే వంటింటి నేలమీద తొక్కాడు. ఒకటి, రెండు. మూడో అడుగు పాటలో రవ్వంత ముందే పడింది, అతనిది వెనకబడింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ వెనకే. బెరిల్ కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది. చూడకుండానే ఆమె కాలు సరిగ్గా ఆ చప్పుడుమీద పడింది. ప్రతిసారీ.

"డిల్లిస్ వాళ్లన్న బూట్లు అవి" అంది. "నాకు రెండు సైజులు పెద్దవి. ఊడిపోతాయేమోనని మూడోసారి కాలు ముందే దించేసేదాన్ని."

పాట అయిపోయింది. క్లైవ్ ముఖం ఎర్రబడింది. "ఆ తొందర అడుగు నాదేనని ఎంతమందికి చెప్పానో" అన్నాడు నెమ్మదిగా. "చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను." కాగితం ఆమె ముందుకి జరిపి, "కొట్టెయ్ ఆ వాక్యం" అన్నాడు.

ఆమె కొట్టేసి, పైన రాసింది: 'అడుగులు: బెరిల్ హాడ్జెట్స్, డిల్లిస్ ఫెలోస్.' తన పేరు తన చేత్తో ఇంత పెద్ద అక్షరాల్లో రాసి ఎన్నాళ్లయిందో. కింద సంతకం చోటికి వచ్చేసరికి చెయ్యి అలవాటుగా క్లైవ్ పేరులోని మొదటి వంపు తిరగబోయింది. ఆపింది. కాగితం అతనివైపు తిప్పింది.

"నీ సంతకం నువ్వే పెట్టు."

అతను పెట్టి, తేరిపార చూశాడు. "ఇది నాదిలా లేదే."

"రాస్తూ ఉంటే వస్తుందిలే" అంటూ కోటూ సూదీ అతని ఒళ్లో పెట్టింది. "ఎడమవైపు ఇంకో పదిహేను తళుకులు కుట్టాలి."

ఫోను తీసి డిల్లిస్ నంబరు నొక్కింది.

"ఒసేయ్, మీ అన్న బూట్లు ఇంకా ఉన్నాయా? శనివారం మనకి ఫొటో ఉంది."