నూటికి నూరు రాయాల్సిన గోడ

క్వారీ వీధి పిల్లల్ని ఈసారి పదో తరగతి పరీక్షకు బడి తరఫున పంపరట. ఈ మాట పక్కింటి వదిన పంపు దగ్గర అందట. ఆవిడకు వాళ్ళాయన చెప్పాడట, వాళ్ళాయనకు బడి అటెండరు చెప్పాడట. "గోడ మీద నూటికి నూరు అని రాసుకోవాలంటే ముందు మన వీధిని తుడిచెయ్యాలిగా వదినా," అని కూడా అందట, బిందె చంకకెత్తుకుంటూ.

భార్య ఇదంతా చెబుతుంటే బోర్డులు రాసే ఆయన కిరసనాయిల్లో బ్రష్షులు కడుక్కుంటున్నాడు.

"ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వేమో మోసుకొచ్చావు."

"మోసుకొస్తే మోసుకొచ్చాను. రేపు ఆ గోడ రాసేది ఎవరు? నువ్వేగా?"

అతను బ్రష్షు ఇంకా గట్టిగా పిండాడు. నిజమే, ఆ పని ఒప్పుకున్నది తనే. పిల్లలు పరీక్ష రాయనే లేదు, 'ఈ ఏటి ఉత్తీర్ణత నూటికి నూరు' అని కాంపౌండు గోడ మీద బారెడు అక్షరాలతో రాయమన్నాడు హెడ్మాస్టారు. పై అధికారులు చూడ్డానికి వస్తున్నారట. "ఫలితాలు రావాలి కదండీ?" అంటే, "నువ్వు రాయవయ్యా, రప్పించే సంగతి నేను చూసుకుంటా," అని భుజం తట్టాడు. అంతటివాడు భుజం తట్టాడు కదా అని ఇతనూ పొంగిపోయాడు.

కూతురు తలుపు దగ్గర వెలుతుర్లో కూర్చుని చదువుకుంటోంది. పది గట్టెక్కితే పెద్దాసుపత్రిలో నర్సు ట్రైనింగులో చేరాలని దాని పట్టుదల. పదితో తీసుకోవడం ఈ ఏడే ఆఖరు. వచ్చే ఏడు నుంచి పైచదువు ఉన్నవాళ్ళకే సీటు.

"ఏమే, బళ్ళో మీకేమైనా చెప్పారా?" అన్నాడు.

"మా గదికి ఎవరైనా వస్తే కదా నాన్నా, చెప్పడానికి."

దానిది బి సెక్షను. ఉద్యోగుల క్వార్టర్స్ పిల్లలు, బజారు పిల్లలు ఏ సెక్షను. క్వారీ వీధి వాళ్ళు బి. అలా విడదియ్యమని ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. ఏ ఏడు చేర్చినా అలాగే తేలుతుంది, నూనె, నీళ్ళు ఒక గిన్నెలో పోసినట్టు. లెక్కల మాస్టారు వానలు మొదలైన దగ్గర్నుంచీ ఏ సెక్షనుకే స్పెషల్ క్లాసులు తీసుకుంటున్నాడు. బి వాళ్ళు గైడు ముందేసుకుని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు.

మర్నాడు పొద్దున నిచ్చెనెక్కి 'ఉత్తీర్ణత నూటికి' దాకా రాశాడు. అంతలో వీధి జనం గేట్లోంచి లోపలికి రావడం కనబడింది. తలల్లో రాతిపొడి, కాళ్ళకు అరిగిన చెప్పులు. పనిలోంచి నేరుగా పిలిపించినట్టున్నారు. అటెండరు కిందనుంచి కేకేశాడు. "నువ్వూ రావయ్యా. మీ అమ్మాయిదీ బి యేగా."

తడి బ్రష్షుతోనే వెళ్ళాడు.

హెడ్మాస్టారి గదిలో గోడనిండా ఒక బోర్డు. ఏ వీధి పిల్లలు ఎంతమంది గట్టెక్కారో, ఎంతమంది తప్పారో చూపించే రంగుల పట్టీలు. సెలవుల్లో ఇతను రాసిందే. క్వార్టర్స్‌కి ఆకుపచ్చ, బజారుకి పసుపు. క్వారీ వీధికి ఏ రంగంటే, "కొట్టొచ్చినట్టు కనబడేది వెయ్యి," అన్నాడు హెడ్మాస్టారు. డబ్బాలో ఎరుపు మిగిలి ఉంటే వేసేశాడు. అప్పుడది రంగే. ఇప్పుడు దాని కిందే కూతురు, తోటి పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు.

హెడ్మాస్టారు బెత్తంతో ఎర్ర పట్టీ మీద కొట్టాడు. "నేనెవర్నీ తప్పుబట్టట్లేదు. ఇళ్ళల్లో చదువు లేదు, చెప్పేవాళ్ళు లేరు, నాకు తెలుసు. కానీ బడినంతా కిందకి లాగుతున్నది ఇదే. ఈ ఏడు ఆగండి. వచ్చే ఏడు ప్రైవేటుగా పరీక్ష ఫీజు కట్టించుకోండి. మీ మంచికే చెబుతున్నా."

"ఇంట్లో చెప్పేవాళ్ళుంటే ఇక్కడికెందుకు పంపుతామండీ?" అన్నాడు పక్కింటాయన. రాళ్ళు కొట్టే మనిషి, గొంతూ అలాగే ఉంటుంది.

"నువ్వు అరవకు. ఇది క్వారీ కాదు."

"అక్కడైతే రాయి పగల్లేదని రాయిని తిట్టమండీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హెడ్మాస్టారి మొహం కందగడ్డయింది. కిటికీ పక్కన కూర్చున్న లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

బోర్డులాయన ముందుకొచ్చి, "అయ్యా, మా అమ్మాయికి ఈ ఏడు తప్పితే..." అన్నాడు.

హెడ్మాస్టారు అతన్ని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "నువ్వు మనవాడివి కదయ్యా. మీ అమ్మాయి ఒక్కదాన్నీ పరీక్షకి కూర్చోబెడతాలే. వీళ్ళకి చెప్పకు. వెళ్ళి గోడ పూర్తి చెయ్యి."

ముందు హాయిగా అనిపించింది. ఆ హాయి తెలిసిన మరుక్షణం ఒళ్ళు మండిపోయింది. ఒక్క తట్టుకి పొంగిపోయిన భుజం ఇదేనని గుర్తొచ్చింది.

"ఎందుకండీ గొంతు తగ్గిస్తారు? నా కూతుర్ని ఒక్కదాన్నీ కూర్చోబెడతానన్నారు. అందరికీ వినబడేలా చెప్పండి," అన్నాడు. బ్రష్షు తీసుకెళ్ళి టేబులు మీద, గాజుపలక మీద పెట్టాడు. "ఆ గోడ ఇక నేను రాయను. పిల్లలందర్నీ పంపండి, వచ్చిన అంకె రాస్తా."

"పొగరా? అయితే మీ అమ్మాయి సంగతి కూడా మర్చిపో."

వీధి జనమంతా గొణగడం మొదలుపెట్టారు. తిరిగి బ్రష్షు అందుకుంటాడేమోనని కూతురు అతని చెయ్యి వంకే చూస్తోంది. అందుకోలేదు.

హెడ్మాస్టారు దానివైపు తిరిగాడు. "చూశావా అమ్మా, మీ నాన్న రోషానికి నీ ఏడాది పోతోంది. తెలివైనదానివి, నువ్వు చెప్పు. పంపితే లెక్కల్లో పాసవుతావని గ్యారంటీ ఇస్తావా?"

ఆ పిల్ల ఎర్ర పట్టీ కిందనుంచి ఒకడుగు ముందుకేసింది.

"లెక్కల మాస్టారు కిటికీ దగ్గరే ఉన్నారుగా సార్. మా గది ఎక్కడుందో ఆయన్ని చెప్పమనండి, అప్పుడిస్తాను."