ఇంటికొక శాంపిల్

మా నాన్నగారు సుబ్బరామరాజు గారికి సీటీ స్కోరు ఇరవై అయిదుకి రెండు వచ్చింది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ వేసవిలో భీమవరం చుట్టుపక్కల ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది స్కోరే. ఊపిరితిత్తులు ఎంత పాడైతే అంకె అంత పెద్దది. నాన్నగారు రిపోర్టు ఫొటో తీసి చుట్టాలందరికీ పంపారు. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చినవాడి ముఖం కూడా అంత వెలగదు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

ఆ రెండు పుణ్యమా అని ఇంట్లో మాస్కు లేదు, ఆయనకి వేరే గదీ లేదు. అభినందించడానికి వచ్చిన బాబాయిలకి వరండాలో కోడిపలావు. వండింది మా అమ్మ రత్నమాణిక్యం. నాన్నగారి జ్వరం తగ్గేసరికి ఆవిడకి పట్టుకుంది. దగ్గు వినపడకుండా చీరకొంగు నోట్లో కుక్కుకుని వడ్డిస్తోంది.

"అమ్మకీ స్కాన్ తీయిద్దాం నాన్నగారూ" అన్నాను.

"ఎందుకూ? ఒకే ఇల్లు, ఒకే జ్వరం. నాకు రెండు వస్తే దానికీ అంతే."

"ఇద్దరి ఊపిరితిత్తులూ ఒకలాగే ఎలా ఉంటాయండీ?"

ఆయన నవ్వారు. "మన చెరువులో ఎన్ని లక్షల రొయ్యలుంటాయే కీర్తీ? అన్నింటినీ పట్టి చూస్తామా? ఒక్క విసురు వల వేసి, పడినవాటిని చూసి మొత్తం చెరువు సంగతి చెప్పేస్తాం. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు."

బాబాయిలు పలావు నములుతూ తలలూపారు. మా అమ్మని రొయ్యని చేశారు, అదీ వలలో పడని రొయ్యని.

అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "నాకు ఊపిరి అందట్లేదండి" అంది, అందరి ముందూ.

"వంటింట్లో ఉక్కకి అలాగే ఉంటుంది. కాసేపు ఫ్యాన్ కింద కూర్చో" అన్నారాయన. అందరికీ పెరుగు వడ్డించాకే కూర్చుంది.

రెండ్రోజులకి అమ్మ మాట మధ్యలోనే ఆగిపోవడం మొదలైంది. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మెషీన్ పక్కింట్లో అడిగి తెచ్చాను. తొంభై అయిదు దాటి ఉండాల్సింది, ఎనభై రెండు. ఇక నాన్నగారిని అడగలేదు, నేనే కారు తీశాను. స్కాన్ సెంటర్లో డాక్టరు తెర మీద చూపించారు. ఊపిరితిత్తులు నల్లగా కనపడాలట. అమ్మవి కింద సగం తెల్లగా పేరుకుపోయి ఉన్నాయి. "కాస్త ముందు తెచ్చుంటే వేరే సంగతండి" అన్నారు. ఆసుపత్రిలో వెంటిలేటర్ మీదికి వెళ్ళిన అమ్మ తిరిగి రాలేదు.

పరామర్శకి వచ్చినవాళ్ళ ముందు నాన్నగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. "ఒక్క ముక్క నాతో చెప్పలేదండి. చెబితే తీసుకెళ్ళనా?"

"ఆడవాళ్ళింతేనండి, చెప్పుకోరు" అన్నాడు ఒక బాబాయి. ఆ రోజు పలావు తిన్నవాడే.

"చెప్పింది. మీ అందరి ముందూ, ఆ గుమ్మం పట్టుకుని చెప్పింది" అన్నాను.

నాన్నగారు నా వంక చూడనైనా లేదు. బాబాయి వైపు తిరిగి, "తల్లి పోయిన దగ్గర్నుంచీ తిండి తినలేదు, ఏం మాట్లాడుతోందో దానికే తెలీట్లేదు" అన్నారు.

అందరూ నా వైపు జాలిగా చూశారు.