బస్టాపులో బల్లి

ఆదివారం మధ్యాహ్నం టీచరమ్మ ఆడపడుచు తన కుట్టుమిషన్ దుకాణానికి తాళం వేసి, చెప్పులు ఒకటక్కడా ఒకటిక్కడా విడిచి లోపలికొచ్చింది.

"వదినా, చూశావా? పేటంతా మా అన్నను చూసి నవ్వుతోంది!"

టీచరమ్మ మూడు రోజులుగా చూస్తూనే ఉంది.

కొత్తగా పెట్టిన పార్టీ ఒకటి, కౌన్సిల్ ఎన్నికలకు తన హామీలను జనాన్నే ఎంచమంది. ఎవరైనా ఆన్‌లైన్‌లో ఒక కోరిక రాయొచ్చు. రెండు వందల ఓట్లు దాటితే అది మేనిఫెస్టోకెక్కుతుంది. వచ్చే నెల అభ్యర్థినీ అలాగే ఎంచుతారట. లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన టీచరమ్మ భర్త, ఆస్పత్రిలో చేరే ముందురోజు తన కోరిక రాసిపెట్టారు. ఆయన పోయి ఏడు వారాలు.

"బస్టాపులో బల్లి వేయించాలి. పెద్దవాళ్ళు నిలబడలేకపోతున్నారు."

బల్ల అని రాయబోయారు. వేళ్ళు లావు, అక్షరాలు చిన్నవి.

"ఒక్క బల్లి చాలా, జంటను వేయించాలా?" అని ఒకరు. "పెద్దవాళ్ళు ఎక్కి కూర్చోగానే పారిపోతే?" అని ఇంకొకరు. నవ్విన ప్రతివాడూ ఓటేసి పోయాడు. ఆరు వందల నలభై ఓట్లు.

"అన్న ఫోన్ నీ దగ్గరే ఉందిగా, దిద్దెయ్ వదినా. ఇన్నేళ్ళూ దిద్దినదానివి!"

నిజమే. ఆయన వంటింట్లో చీటీ పెట్టి డ్యూటీకి వెళ్తే, సాయంత్రానికి దాని మీద ఎర్రసిరా ఉండేది. "ఇవాళ రెండే తప్పులు!" అని ఆ చీటీ జేబులో వేసుకుని తిరిగేవారు. ఫోన్లొచ్చాక మెసేజ్ పెట్టమంటే పెట్టేవారు కాదు. "మాట్లాడితే దిద్దలేవుగా, పంతులమ్మా!" అనేవారు. షిఫ్టు దిగి నేరుగా బస్టాపుకొచ్చి ఆమె బడి బస్సు కోసం నిలబడేవారు. విరిగిన బల్లను తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ వేయలేదు. మోకాలు పట్టేస్తే స్తంభానికి ఆనుకునేవారు. బస్సు మలుపు తిరగగానే, అప్పుడే వచ్చినవాడిలా స్తంభం వదిలి నిటారుగా నిలబడేవారు. కిటికీలోంచి ఆమెకు కనబడేది. ఒక్కరోజూ అడగలేదు.

పార్టీ పనులు చూసే మందులషాపాయనకు ఆమె ఫోన్ చేసింది.

"అక్షరం మార్చినా ఓట్లు సున్నాకొస్తాయి టీచరుగారూ. జనం చదివిందానికే కదా ఓటేసింది. ఆరింటికి లెక్క ముగిసిపోతుంది. నా మాట వినండి, అలా వదిలేస్తే గెలుస్తారు."

"నవ్వులాటకు వేసిన ఓట్లవి."

"ఓటు ఓటేనండీ."

ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. "బల్లా వద్దు, ఏమీ వద్దు. అన్న పరువు ముఖ్యం. దిద్దు."

టీచరమ్మ భర్త ఫోన్ తెరిచి ఆ వాక్యం చదివింది. దిద్దలేదు. తన ఫోన్లో, దాని కింద రాసింది:

"ఇది రాసింది నా భర్త. ఇప్పుడు లేరు. ఆయన అడిగింది బల్ల. రోజూ నా కోసం అక్కడ నిలబడేవారు. నవ్వొస్తే నవ్వండి, ఆయనా నవ్వేవారు. మీ ఓటు బల్లకైతే ఉంచండి. బల్లికైతే దయచేసి వెనక్కి తీసుకోండి."

"ఎంత పని చేశావు వదినా!"

అయిదింటికి ఓట్లు నాలుగు వందలకు దిగాయి. అయిదున్నరకు మూడు వందలు. ఆడపడుచు ఫోన్ పక్కన పెట్టేసి కాఫీ కలపడానికి లేచింది, చక్కెర వేయడం మరిచిపోయింది. జోకులు రాసినవాళ్ళు కొందరు వాటిని తీసేశారు. "ఆయన నాకు తెలుసు. స్తంభం దగ్గర నన్ను ముందుకు పిలిచి నీడలో నిలబెట్టేవారు" అని ఒకావిడ రాసింది. జంట బల్లుల ఆసామి మాత్రం, "నేను వేసింది బల్లికే. తీయను. నాకూ మోకాళ్ళ నొప్పులే" అన్నాడు.

ఆరింటికి రెండు వందల ముప్పై మూడు.

మందులషాపాయన ఫోన్ చేశాడు. "టీచరుగారూ, జాబితా అచ్చుకిస్తున్నాం. ఓటేసిన మాటను మార్చే హక్కు మాకు లేదు. పక్కన బ్రాకెట్లో 'బల్ల' అని సరిదిద్ది వేయమంటారా? మీరొప్పుకుంటే వేస్తాం."

ఆడపడుచు కాఫీ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయింది.

"వద్దండీ," అంది టీచరమ్మ. "వాళ్ళకు అర్థమైంది. ఆయన రాసినట్టే వేయండి."